డీ10-11 దగ్గర ఎముకైపోయిన లిగమెంటమ్ ఫ్లేవమ్: వెన్నుపామును తాకకుండా తీయడం ఎలా?

పీజీ_మూడో_ఏడు

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. డోర్సల్ (ఛాతీ వెనక వెన్ను) ఓఎల్‌ఎఫ్, అంటే పూసల వెనక ఎముక పలకల్ని కలిపే లిగమెంటమ్ ఫ్లేవమ్ ఎముకైపోయి వెన్నుపామును నొక్కే జబ్బు, దాని సర్జరీ గురించి పుస్తకాల్లో "ల్యామినెక్టమీ చేసి ఒత్తిడి తీసేయాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు (ల్యామినా అంటే పూస వెనక ఎముక పలక, ల్యామినెక్టమీ అంటే దాన్ని తీయడం). చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో ఎవరూ రాయడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మాటకి ఒక కేసు అనుకుందాం. 55 ఏళ్ల మనిషి. ఆర్నెల్లుగా కాళ్లు బరువు, మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు తడబడడం, పొట్ట చుట్టూ పటకా బిగించినట్టు ఉండడం. ప్లాంటార్ రెండువైపులా పైకే (అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోంది, వెన్నుపాము నొక్కుకున్న గుర్తు). ఎంఆర్‌ఐలో డీ10-11 దగ్గర (ఛాతీ భాగపు 10, 11 పూసల మధ్య) వెనకనుంచి రెండు నల్లటి ముద్దలు వెన్నుపామును మధ్యలోకి నొక్కేశాయి. టీ2 చిత్రంలో వెన్నుపాములో తెల్లటి మచ్చ ఉంది.

లంబార్ స్టెనోసిస్‌లో (నడుం దగ్గర కెనాల్ ఇరుకైతే) చేసినట్టు కెరిసన్‌తో (ఎముకను కొరికే పనిముట్టు) కొరుక్కుంటూ పోతే ఎందుకు కొంప మునుగుతుంది? డ్రిల్ ఎక్కడ మొదలుపెట్టాలి? డ్యూరా (వెన్నుపాము చుట్టూ ఉండే గట్టి పొర) కూడా ఎముకైపోతే తీయాలా, వదిలేయాలా? ముందువైపు ఓపీఎల్‌ఎల్ (వెన్నుపాముకు ముందుండే లిగమెంట్ ఎముకవడం) కూడా ఉంటే ఏం చేయాలి?

వెన్నుపూస_మాస్టారు

మొదటి ప్రశ్నలోనే మిగతా అన్నిటికీ జవాబుంది, తమ్ముడూ. లంబార్‌లో నువ్వు పనిచేసేది నరాల కట్ట మీద. ఎల్1 దాటాక వెన్నుపాము లేదు, చుట్టూ నీరుంది, కెరిసన్ అడుగు దూరితే నరాలు పక్కకు జరుగుతాయి. డోర్సల్‌లో కెనాల్ అసలే ఇరుకు. ఓఎల్‌ఎఫ్ వచ్చాక వెనక నీరు చుక్క కూడా మిగలదు. కెరిసన్ ఎంత పల్చటిదైనా దాని అడుగు రేకు దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఖాళీయే లేనిచోట ఆ మిల్లీమీటరు ఎక్కడికి పోతుంది? వెన్నుపాములోకే. పైగా మధ్య డోర్సల్‌లో రక్త సరఫరా అంతంతమాత్రం. కొద్దిపాటి నొక్కుడుకు, కాసేపు బీపీ పడిపోయినా చాలు, కాళ్లు పోతాయి.

కాబట్టి ఈ ఆపరేషన్‌కు సూత్రం ఒక్కటే: ల్యామినా కిందికి ఏదీ పోకూడదు. కెరిసన్ కాదు, డిసెక్టర్ కాదు, "ఎంత ఖాళీ ఉందో చూద్దాం" అని పెట్టే బ్లంట్ హుక్ కూడా కాదు. ఎముక మనవైపు పైకి లేచి రావాలి గానీ మనం దాని కిందికి దూరకూడదు.

ఇక డ్రిల్ ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ఫ్లేవమ్ ఎక్కడ అంటుకుంటుందో గుర్తు తెచ్చుకో. పై ల్యామినా లోపలివైపు కింది సగం నుంచి మొదలై, కింది ల్యామినా పై అంచుకు దిగుతుంది. పక్కకు ఫేసెట్ (పూసల మధ్య పక్క కీలు) క్యాప్స్యూల్ దాకా పాకుతుంది. అంటే ప్రతి ల్యామినాకూ లోపలివైపు పై సగం బోసిగా ఉంటుంది, అక్కడ ఎపిడ్యూరల్ (డ్యూరా బయటి) కొవ్వు దొరికే అవకాశం ఎక్కువ. అడ్డకోతలు రెండూ అక్కడే పడాలి. డీ10-11 ఓఎల్‌ఎఫ్ అయితే పై కోత డీ10 ల్యామినా పై భాగంలో, కింది కోత డీ11 ల్యామినా నడుమకు కాస్త పైన. ముద్ద బాగా మందంగా ఉండేది ఫేసెట్ లోపలి అంచు దగ్గర. ఆ చోటును ఆఖరికి ఉంచుకో.

నిలువు గాళ్లు రెండు పక్కలా, ల్యామినా ఫేసెట్‌ను కలిసే గీత మీద, ఫేసెట్ లోపలి మూడో వంతును కలుపుకుని. పెడికల్ (పూస శరీరాన్ని వెనక భాగంతో కలిపే ఎముక) లోపలి గోడకు సూటిగా పడాలి. అంతకంటే మధ్యకు వస్తే ముద్ద మీదే దిగుతావు. మరీ పక్కకు పోతే ఫేసెట్ మొత్తం పోయి స్క్రూలు వేయాల్సి వస్తుంది.

బర్_పట్టిన_చెయ్యి

మాస్టారు చెప్పిన గాడి ఎలా తవ్వాలో నేను రాస్తా.

4 మిల్లీమీటర్ల కటింగ్ బర్‌తో (డ్రిల్ కొసన తిరిగే ముక్క) బయటి గట్టి పొర. అది తెల్లగా ఉంటుంది, పెద్దగా రక్తం రాదు. తర్వాత ఎర్రటి గుల్ల ఎముక వస్తుంది, రక్తం ఊరుతుంది. దీని మీద పల్చగా బోన్ వ్యాక్స్ పులిమి ముందుకు పో. ఎరుపు అయిపోయి మళ్లీ తెలుపు కనపడగానే కటింగ్ బర్ పక్కన పెట్టేయాలి. 3 మిల్లీమీటర్ల డైమండ్ బర్‌కు మారు, ఆఖరి మిల్లీమీటరుకు 2 మిల్లీమీటర్లది. మామూలు ల్యామినాలో ఆ రెండో తెలుపు పల్చటి పొర, దాటితే పచ్చటి లిగమెంట్. ఓఎల్‌ఎఫ్‌లో ఆ తెలుపు అయిపోదు. ఏనుగు దంతంలా అలాగే సాగుతూ ఉంటుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే: "ఇంకా లోపలి పొర రాలేదు" అనుకుని ధైర్యంగా నొక్కేస్తారు.

ఎక్కడిదాకా వచ్చామో ఎముకే చెబుతుంది. పల్చబడే కొద్దీ తెలుపులో నీలం ఛాయ తేలుతుంది. తడి కోడిగుడ్డు పెంకును వెలుగుకు పట్టి చూసినట్టు ఉంటుంది. బర్ శబ్దం కీచు తగ్గి బొంగురుపోతుంది. ఆ దశలో బర్ బరువు కూడా ఎముక మీద పడకూడదు. చిటికెన వేలు పక్క కండ మీద ఆనించి, బర్‌ను మధ్యనుంచి బయటికి, గోడకు సున్నం వేసినట్టు ఊడుస్తూ పోవాలి. జారితే పక్క ఎముక మీదికే జారాలి, వెన్నుపాము వైపు కాదు.

నీళ్లు ఆగకూడదు. డైమండ్ బర్ కోయదు, అరగదీస్తుంది. అందుకే వేడెక్కువ. అసిస్టెంట్ సిరంజితో సెలైన్ వదులుతూనే ఉండాలి, ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి నిలపకూడదు. డ్యూరా చిరగలేదు, ఏదీ తగల్లేదు, అయినా కాలు బలహీనపడింది అంటే నేను మొదట అనుమానించేది వేడినే.

నల్లగొండ_న్యూరో

బర్ల సంగతి వచ్చింది కాబట్టి మన ప్రాంతపు ముచ్చట ఒకటి. జపాన్ పుస్తకాలు చదివి డీ10-11లో ఒక్క మెట్టు (ఒక పూసల జత) ఓఎల్‌ఎఫ్‌కు సిద్ధమై, ఫ్లోరోసిస్ మనిషిని టేబుల్ మీదికి ఎక్కిస్తే లెక్క తప్పుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు లిగమెంట్లు ఒకచోట కాదు, వరసగా ఎముకవుతాయి. ఎముక కూడా దట్టమై రాయిలా ఉంటుంది, పైన చెప్పిన తెలుపు-ఎరుపు-తెలుపు వరసే ఉండదు, మధ్యలో గుల్ల కనపడకపోవచ్చు. కాబట్టి రంగును నమ్ముకోకండి, సీటీలో ల్యామినా మందం ముందే మిల్లీమీటర్లలో కొలుచుకోండి. బర్లు మామూలు కేసుకు రెట్టింపు పెట్టుకోండి. మొద్దుబారిన బర్‌తో చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది.

ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికకెక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. పొదిలి, దర్శి, కనిగిరి వైపు, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన ఊళ్లు. నల్లగొండలో దీనివల్ల వెన్నుపాము నొక్కుకుపోవడం గురించి హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఎన్నో ఏళ్లు రాశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. నీళ్లు మారినా పాత ఎముక కరగదు. అందుకే కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టినవాళ్లలో కాకపోయినా, పాత తరంలో ఈ కేసులు ఇంకా వస్తాయి.

అనుమానమొస్తే ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండు ఎముకల మధ్య పొర ముళ్లకంచెలా ఎముకై కనపడితే సంగతి తేలిపోయినట్టే. మూత్రంలో ఫ్లోరైడ్ కూడా పంపండి.

ఫిల్మ్_చదివేవాడు

రేడియాలజీ వైపు నుంచి. ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి కత్తి పట్టొద్దు. ఎంఆర్‌ఐలో లిగమెంట్ మందమైనా నలుపే, ఎముకైనా నలుపే. పల్చటి కోతలతో సీటీ, 1 మిల్లీమీటరు, ఎముక విండోలో అడ్డం, నిలువు రెండూ కావాలి.

అడ్డకోతలో సాటో చెప్పిన 5 రకాలు చూడండి: పక్కకే ఉన్నది, లోపలికి పాకినది, పెరిగినది, రెండు వైపులా కలిసిపోయినది, మధ్యలో గడ్డలా పొడుచుకొచ్చినది. చివరి రెంటిలో డ్యూరా కూడా ఎముకైపోయి ఉండే అవకాశం బాగా ఎక్కువ. దానికి సీటీలో రెండు గుర్తులు. ఒకటి ట్రామ్ పట్టాల గుర్తు: రెండు తెల్లటి గీతలు, మధ్యలో సన్నటి నల్ల గీత, పై గీత లిగమెంట్, కింది గీత డ్యూరా. రెండోది కామా గుర్తు: డ్యూరా ఒక పక్కనే సగం చుట్టు ఎముకై కామాలా వంగి ఉంటుంది. ఈ గుర్తుల్ని రాసింది మధురై న్యూరోసర్జన్ ముత్తుకుమార్, 2009లో. ఇవి కనపడితే డ్యూరా చిరుగుతుందన్నట్టే లెక్క, దానికి కావలసిన సరంజామా ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇంకోటి, వెన్నెముక మొత్తం ఎంఆర్‌ఐ. డీ11-12 ఓఎల్‌ఎఫ్ ఎపికోనస్‌ను (వెన్నుపాము కొసకు కాస్త పైభాగం) నొక్కితే కాలి వేళ్లు పడిపోతాయి, రిఫ్లెక్సులు తగ్గుతాయి, అచ్చం లంబార్ జబ్బులా. ఎల్4-5 స్టెనోసిస్ చూసి ఆపరేషన్ చేసేసి, మనిషి ఇంకా దిగజారాక పైన చూసిన కేసులు కొల్లలు. మెడలో ఓపీఎల్‌ఎల్ కూడా కలిసి ఉండొచ్చు.

పీజీ_మూడో_ఏడు

సార్, లెవెల్ లెక్క ఎలా? ఎల్1కీ డీ12కీ మధ్య పొరపాటు పడతామని భయం.

ఫిల్మ్_చదివేవాడు

పడతారు కూడా. 12వ పక్కటెముక కొందరికి మొలకలా ఉంటుంది, కొందరికి ఎల్1కే పక్కటెముక ఉంటుంది, ఎల్5 సేక్రమ్‌లో కలిసిపోయినవాళ్లు ఉంటారు. అందుకే ఎంఆర్‌ఐ ఏ వైపు నుంచి లెక్కపెట్టారో సీ-ఆర్మ్‌లో (ఓటీలోని ఎక్స్‌రే యంత్రం) కూడా అటునుంచే లెక్కపెట్టాలి. సేక్రమ్ నుంచి పైకి లెక్కపెట్టిన ఎంఆర్‌ఐని పట్టుకుని ఓటీలో పక్కటెముకల నుంచి లెక్కపెడితే ఒక పూస తేడా వచ్చేస్తుంది. ముందురోజు ఛాతీ, నడుము ఎక్స్‌రేలు రెండూ తీయించి, ఒక గుర్తు పట్టుకోండి, పెద్ద ఆస్టియోఫైట్ (ఎముక అంచున పెరిగిన కొమ్ము) లాంటిది. చర్మం కోశాక మళ్లీ ఒకసారి, ఈసారి ఎముక మీద పనిముట్టు ఆనించి సీ-ఆర్మ్ చూడాలి. చర్మం మీది గీత కదులుతుంది, ఎముక కదలదు.

మత్తు_మేడమ్

అనస్థీషియా వైపు జాగ్రత్తలు సర్జన్లు సగం మర్చిపోతారు కాబట్టి కాస్త కఠినంగానే రాస్తున్నా.

ట్యూబ్ వేయడం దగ్గరే మొదలు. ఫ్లోరోసిస్ అయినా, మెడలో ఓపీఎల్‌ఎల్ ఉన్నా మెడ వెనక్కి వంగదు, వంచకూడదు. వీడియో లారింగోస్కోప్ కనీసం, కష్టమనిపిస్తే మెలకువగా ఉండగానే ఫైబర్ ఆప్టిక్. పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోయి ఛాతీ విచ్చుకోదు, అందుకని ఊపిరితిత్తుల పరీక్ష ముందే చేయించండి.

బోర్లా పడుకోబెట్టాక పొట్ట గాల్లో వేలాడాలి. పొట్ట నొక్కుకుంటే ఎపిడ్యూరల్ సిరలు ఉబ్బి, మీరు గాడిలో దిగగానే చెరువవుతుంది. భుజాలు పైకి లేవని మనుషులకు చేతులు తల పక్కకు చాపొద్దు, ఒంటికి ఆనించి పెట్టండి. తుంటి, మోకాళ్లు వంగి బిగుసుకున్నవాళ్లకు కాళ్లను ఉన్న వంపులోనే దిండ్లతో నిలపాలి. సాగదీయొద్దు.

బీపీ: ఆర్టీరియల్ లైన్ తప్పనిసరి, సగటు పీడనం 85కు తగ్గకుండా. మత్తు ప్రొపొఫాల్, ఓపియాయిడ్ నరంలోనే. గ్యాస్ వాడితే మానిటరింగ్ తరంగాలు పోతాయి. కండరాలు సడలించే మందు ట్యూబ్ వేసేటప్పుడు ఒక్కసారే, తర్వాత వద్దు. ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) కిలోకు 10 మిల్లీగ్రాములు కోతకు ముందు, తర్వాత గంటకు కిలోకు 1 చొప్పున నడపొచ్చు. ఇదంతా నరంలోకే. డ్యూరా తెరుచుకునే అవకాశం ఉన్న గాయంలో దాన్ని పోయొద్దు. వెన్నునీరులో కలిస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. దాని యాంప్యూల్ స్పైనల్ మందు ట్రేలోకి రాకుండా చూడడం కూడా మా బాధ్యతే.

తరంగాల_టెక్నీషియన్

మేడమ్ రాసినదానికి కొనసాగింపు. ఎంఈపీ (మెదడుకు షాకిచ్చి కండల్లో చూసే తరంగం) బేస్‌లైన్ రెండుసార్లు తీయాలి, వెల్లకిలా ఉన్నప్పుడు ఒకసారి, బోర్లా తిప్పాక ఒకసారి. కోత పెట్టకముందే తరంగం పడిపోతే తప్పు పొజిషన్‌ది, బీపీది. వెంటనే మనిషిని తిరిగి తిప్పే అవకాశం ఉంటుంది. బోర్లా తీసింది ఒక్కటే ఉంటే ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

కాళ్లలో టిబియాలిస్ యాంటీరియర్, అబ్డక్టర్ హాలూసిస్. చేతిలో బొటనవేలి కండ కంట్రోల్‌కు. చెయ్యి, కాలు రెండూ పడిపోతే మత్తు ఎక్కువైంది, లేదా బీపీ పడింది. చెయ్యి బాగుండి కాలు పడిపోతే సర్జన్ గారి వైపు చూస్తాం. ఎంఈపీ ఎత్తు 70 శాతం తగ్గితే అలారం, ఎస్‌ఎస్‌ఈపీ (కాలి నరాన్ని తట్టి మెదడు దగ్గర చూసే స్పర్శ తరంగం) అయితే సగానికి పడిపోతే. దవడ పళ్ల మధ్య రెండు పక్కలా గాజ్ గుడ్డ కట్ట పెట్టడం మర్చిపోవద్దు. ప్రతి షాక్‌కూ దవడ మూసుకుంటుంది, నాలుక తెగుతుంది.

అలారం మోగితే చేసే వరస: డ్రిల్ ఆపడం, గోరువెచ్చటి సెలైన్ పోయడం, సగటు పీడనం 90 పైకి ఎక్కించడం, గ్యాస్ లేదని, కండరాల మందు మిగల్లేదని చూసుకోవడం, హిమోగ్లోబిన్ చూడడం, ఆఖరి ఐదు నిమిషాల్లో ఏం చేశారో వెనక్కి నడవడం. 10 నిమిషాలు ఆగి మళ్లీ కొట్టాలి. చాలాసార్లు తిరిగి వస్తుంది.

వెన్నుపూస_మాస్టారు

ఇక అసలు ఘట్టం, మూత ఎత్తడం. నాలుగు గాళ్లూ పూర్తయ్యాక స్పైనస్ ప్రాసెస్‌ను టవల్ క్లిప్‌తో పట్టి మెల్లగా తడితే మొత్తం దిమ్మె కదలాలి. కదలకపోతే ఎక్కడో వంతెన మిగిలింది. ఆ వంతెనను విరవొద్దు, మళ్లీ డ్రిల్‌కే వెళ్లు. విరిస్తే ఎదుటి అంచు వెన్నుపాములోకి దిగుతుంది. కిందివైపు నుంచి ఒక్కో మిల్లీమీటరు పైకి ఎత్తుతూ, డ్యూరాకు అంటుకున్న పోగుల్ని పల్చటి డిసెక్టర్‌తో ఎముకకు ఆనించి విడదీస్తూ పోవాలి. అసిస్టెంట్ పట్టు సడలకూడదు. ఎత్తిన దిమ్మె జారి తిరిగి కూర్చుంటే అప్పటిదాకా పడ్డ శ్రమంతా దండగ.

చిన్నచిన్నగా_తీసేవాడు

మాస్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నా. ఒక మెట్టుకు మూత పద్ధతి బాగానే ఉంటుంది. మూడు నాలుగు మెట్లు కలిసిన ఫ్లోరోసిస్ కేసులో అంత పొడుగు దిమ్మెను ఇద్దరు మనుషులు సమంగా ఎత్తడం కాగితం మీదే సాధ్యం. నేను చెప్పేది: మొత్తం ల్యామినాను పైనుంచి డైమండ్ బర్‌తో గుడ్డు పెంకంత పల్చగా చేసేయండి. అప్పుడు మధ్యలో గీత పెట్టి, పెంకు ముక్కల్ని మైక్రో క్యూరెట్‌తో పైకి, బయటికి ఎత్తండి. ఏ ముక్కా గోరంత కంటే పెద్దది ఉండకూడదు. సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఏ క్షణంలోనూ ఎత్తిన బరువు వెన్నుపాము మీద వేలాడదు.

అల్ట్రాసోనిక్ బోన్ స్కాల్పెల్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. గాడి శుభ్రంగా, సన్నగా వస్తుంది, దూదిని, మెత్తటి కండను చుట్టుకోదు. అయితే "మెత్తటిదాన్ని కోయదు" అన్న మాటను పట్టుకుని డ్యూరా మీద మోపితే చిరుగుతుంది. అదీ వేడెక్కుతుంది. బర్‌తో చేతికి తెలిసే ఎముక మందం దీంతో తెలియదు, లోపలి పొర దాటినప్పుడు ఒక్కసారిగా వదులైనట్టు అనిపిస్తుంది, అంతే. సీటీలో కొలిచిన మందాన్ని బ్లేడు మీద గుర్తు పెట్టుకుని దిగండి.

వెన్నుపూస_మాస్టారు

ఒప్పుకుంటా. మూడు మెట్లు దాటితే దిమ్మెను మెట్టు మెట్టుగా విడగొట్టి ఎత్తడం మేలు. ఒక్క మెట్టుకు మాత్రం నా పద్ధతి మార్చుకోను.

పీజీ_మూడో_ఏడు

డ్యూరా ఎముకైపోతే?

బర్_పట్టిన_చెయ్యి

రెండు దారులు. ఒకటి, ఆ ఎముక పలకను చుట్టూ విడదీసి, పల్చగా చేసి, డ్యూరా మీదే తేలేలా వదిలేయడం. చుట్టూ పట్టు వదిలితే పలక వెన్నునీటి కొట్టుకు లయగా పైకి లేస్తుంది. అలా లేస్తే ఒత్తిడి పోయినట్టే. రెండోది, పలకతో పాటు డ్యూరాను తీసేసి, కింద అరాక్నాయిడ్‌ను (డ్యూరా కింది పల్చటి పొర) కాపాడుకోవడం. అరాక్నాయిడ్ నిలిస్తే నీరు కారదు, మైక్రోస్కోప్ కింద సన్నటి సబ్బు బుడగలా కనపడుతుంది. నా ఓటు మొదటిదానికే. పలక కింద వెన్నుపాము అదిమి ఉండి, తేలకపోతేనే రెండోది.

చిరిగితే అంచులు ఎముకై ఉంటాయి, కుట్టు పడదు. కండ పైపొర ముక్కనో కృత్రిమ డ్యూరానో మీద పరిచి, ఫైబ్రిన్ జిగురు వేసి, కండను, ఫేషియాను నీరు కారనంత బిగుతుగా వరసలుగా కుట్టాలి. నీటిని ఆపేది ఫేషియా కుట్టే, జిగురు కాదు.

డ్రెయిన్ పెడితే పీల్చే డబ్బాను నొక్కి పెట్టొద్దు, భూమ్యాకర్షణకే వదిలేయాలి. డ్యూరా తెరిచిన చోట సక్షన్ పెడితే వెన్నునీరు లాగేసి తలలో సెరిబెల్లమ్ (చిన్నమెదడు) దగ్గర రక్తస్రావం కావొచ్చు. నీరు ఎక్కువగా వస్తుంటే లంబార్ డ్రెయిన్ గంటకు 10 మిల్లీలీటర్లకు మించకుండా, నాలుగైదు రోజులు.

ఓటీ_సిస్టర్

మా వైపునుంచి ఒక్క మాట. ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్, సర్జిసెల్ లాంటివి, రక్తం ఆపడానికి పెట్టినవి లెక్కపెట్టి బయటికి తీయించండి. తడిస్తే ఉబ్బుతాయి. ఈ ఇరుకు కెనాల్‌లో మూసేసి వదిలితే అదే కొత్త ఒత్తిడి. దూది ప్యాటీల తాడు ఒక్కటి తెగినా చెప్పేస్తాం, మూయొద్దు. 2 మిల్లీమీటర్ల డైమండ్ బర్ కనీసం రెండు తెరిచి పెట్టమని ముందురోజే చెప్పండి. మధ్యలో అడిగితే ఆటోక్లేవ్‌లో ఉందంటాం, మీరు కోప్పడతారు.

నల్లగొండ_న్యూరో

స్క్రూల సంగతి. రెండువైపులా ఫేసెట్ సగానికి లోపే తీస్తే డీ2 నుంచి డీ9 దాకా పక్కటెముకల పంజరమే పట్టి ఉంచుతుంది, స్క్రూలు అక్కర్లేదు. డీ11-12, డీ12-ఎల్1 దగ్గర ఆ పంజరం సాయం లేదు, పైగా కదలిక ఎక్కువ. అక్కడ ఫేసెట్ పోతే, వంపు ముందే ఉంటే, ముందు ఓపీఎల్‌ఎల్ ఉంటే స్క్రూలు, రాడ్లు వేయాల్సిందే. ఫ్లోరోసిస్ మనిషికి వెన్నెముక ఎప్పుడో తనంతట తానే అతుక్కుపోయి ఉంటే మాత్రం స్క్రూలు దండగ. ఆ దట్టమైన పెడికల్‌లో ట్యాప్ చేయకుండా స్క్రూ తిప్పితే పెడికల్ చీలుతుంది.

వెన్నుపూస_మాస్టారు

ఓపీఎల్‌ఎల్ వేరే మృగం. డీ4-డీ7 మధ్య, ముక్కులా వెనక్కి పొడుచుకొచ్చిన రకం అన్నిటికంటే చెడ్డది. మెడలో అయితే వెనక తెరవగానే వెన్నుపాము వెనక్కి తేలుతుంది. డోర్సల్‌లో వంపు ఎదురుతిరిగి ఉంటుంది కాబట్టి తేలదు, ముక్కు మీదే వంగి పడుకుని ఉంటుంది. ఆ స్థితిలో ల్యామినెక్టమీ ఒక్కటే చేసి కండను వదిలేస్తే వంపు ఇంకాస్త పెరుగుతుంది, ముక్కు ఇంకా దిగుతుంది. రోగి మత్తు నుంచి లేచేసరికి కాళ్లు లేవు.

అందుకని వరస మార్చాలి. ముందు పెడికల్ స్క్రూలు, తర్వాత ఉన్న వంపులోనే తాత్కాలిక రాడ్డు ఒకవైపు, ఆ తర్వాతే ల్యామినెక్టమీ. వెనక ఓఎల్‌ఎఫ్ ఉంటే అదీ అప్పుడే. ఆఖర్లో వంపును కొద్ది డిగ్రీలు మాత్రమే తగ్గించి రాడ్లు బిగించాలి, ప్రతి డిగ్రీకీ ఎంఈపీ చూసుకుంటూ. చాలామందికి ఇంతవరకే చాలు.

ఇంకా ముక్కు నొక్కుతూనే ఉందని అల్ట్రాసౌండ్‌లో కనపడితేనే పెడికల్ తీసి పక్కనుంచి వెళ్లడం. పూస శరీరంలో ముక్కు కింద గుహ తవ్వి, ముక్కును వెన్నుపాము నుంచి దూరంగా ఆ గుహలోకి దింపాలి. ముక్కును వెన్నుపాము వైపునుంచి గీకడం కాదు. జపాన్‌లోని పెద్ద బహుళ ఆసుపత్రుల అధ్యయనాల్లోనే ఆపరేషన్ తర్వాత కాళ్ల బలం తగ్గినవాళ్లు పదిమందిలో ఒకరి నుంచి దాదాపు ముగ్గురి దాకా ఉన్నారు, వాళ్లలో చాలామంది తర్వాత కోలుకున్నా సరే. ఆ సంఖ్యను సంతకం పెట్టించుకునే ముందు కుటుంబానికి తెలుగులో, తెల్ల కాగితం మీద రాసి చూపాలి.

మత్తు_మేడమ్

"స్టెరాయిడ్ ఇద్దామా" అని అడగబోయేవాళ్లకు ముందే: ఎక్కువ మోతాదు మిథైల్‌ప్రెడ్నిసలోన్ వల్ల మేలు నిలకడగా తేలలేదు. షుగర్ పెరగడం, గాయం చీము పట్టడం మాత్రం ఖాయంగా చూస్తాం, ఈ రోగుల్లో షుగర్ ఉన్నవాళ్లు అసలే ఎక్కువ. ఆ మందు కంటే 85 పీడనమే నాకు నమ్మకం, మొదటి రెండు రోజులూ.

వార్డు_రెసిడెంట్

ఆ రాత్రి డ్యూటీలో ఏం చూడాలో కూడా రాయండి సార్. గంటకోసారి కాళ్లు కదపమని అంటాం, "కదుపుతున్నాడు" అని రాసేస్తాం.

చిన్నచిన్నగా_తీసేవాడు

"కదుపుతున్నాడు" అని రాయొద్దు. మడమ మంచం మీద ఎంత ఎత్తు లేచింది, బొటనవేలు నీ చేతికి ఎదురు నిలిచిందా, రెండువైపులా ఎంత బలమో సంఖ్య రాయి. మొదటి 24 గంటలు గంటకోసారి. అప్పటిదాకా 5కి 4 ఉన్న బలం 2కి పడి, వెన్నులో నొప్పి హఠాత్తుగా పెరిగి, డ్రెయిన్ ఆగిపోయిందంటే అది రక్తపు గడ్డ. ఎంఆర్‌ఐకి వరసలో నిలబెట్టకు. ఎంఆర్‌ఐ రూము ఖాళీగా ఉండి పావుగంటలో అయ్యేదైతే సరే, లేకపోతే ఓటీకి తీసుకెళ్లి తెరవడమే. మంచంలో కదలిక పూర్తిగా పోయాక గంటలు గడిచే కొద్దీ తిరిగి వచ్చే అవకాశం కరిగిపోతుంది. అన్నట్టు హెపారిన్ మొదటి రెండు రోజులు వద్దు, పిక్కలకు గాలి తొడుగులు చాలు.

ఫిజియో_అక్క

మాకు పంపేటప్పుడు జేఓఏ స్కోర్ (నడక, స్పర్శ, మూత్రం మీద పట్టుకు మార్కులు వేసే జపాన్ ఆర్థోపెడిక్ సంఘం లెక్క) రాసి పంపండి. డోర్సల్‌కు చేతుల భాగం తీసేసి మొత్తం 11. ముందు 4, మూడు నెలలకు 8 అయితే, పెరిగింది 4, పెరగాల్సింది 7, అంటే 57 శాతం కోలుకున్నట్టు. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క చెబితే అర్థమవుతుంది. "బాగానే ఉంది" అంటే అర్థం కాదు.

బిగుసుకున్న కాళ్లకు బాక్లోఫెన్ పెంచుతూ పోతే ఒక్కోసారి మనిషి నిలబడలేడు. ఆ బిగువునే కర్రలా వాడుకుని నడుస్తున్నాడని గుర్తుంచుకోండి, 5 మిల్లీగ్రాముల చొప్పున మెల్లగా పెంచండి. మూత్రం గొట్టం తీశాక మిగిలిన మూత్రం అల్ట్రాసౌండ్‌లో చూడండి, 100 మిల్లీలీటర్లు దాటుతుంటే రోజూ కొలత రాయాలి. స్పర్శ లేని పిరుదు మీద పుండు రావడానికి రెండు రాత్రులు చాలు.

పీజీ_మూడో_ఏడు

ఆఖరి ప్రశ్న సార్. మా ఉదాహరణ మనిషికి మెడలో కూడా ఓపీఎల్‌ఎల్ ఉండి, అక్కడా వెన్నుపాము నొక్కుకుని ఉంటే ముందు ఏది?

వెన్నుపూస_మాస్టారు

చేతులు చూడు. గుండీలు పెట్టుకోలేకపోతే, హాఫ్‌మన్ (మధ్యవేలి గోరు మీటితే బొటనవేలు వంగడం) వస్తే, ముందు మెడ. డోర్సల్ కోసం బోర్లా పడుకోబెట్టి మెడను రెండు మూడు గంటలు అలా ఉంచడమే ప్రమాదం. చేతులు నిక్షేపంగా ఉండి, జబ్బంతా కాళ్లలోనే ఉంటే డీ10-11 ముందు, అయితే మెడ నిటారుగా, తల మేఫీల్డ్ క్లాంపులో. రెండూ ఒకే పూట చేయడం గురించి అడగబోతున్నావని తెలుసు. 70 దాటిన మనిషికి వద్దు. మధ్యలో ఆరు వారాలు ఆగు, ఆ ఆరు వారాల్లో మెడకు పట్టీ పెట్టి, బండి ఎక్కనివ్వొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పు.